నడుస్తున్న కారులో లైట్లు డల్ అవుతుంటే: అపోహలు, వాస్తవాలు

రాత్రిపూట హెడ్‌లైట్లు మసకబారుతున్నాయని మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది అప్పటికే బల్బులనో, బ్యాటరీనో మార్చేసి ఉంటారు. డబ్బు ఖర్చవుతుంది, లోపం అలాగే ఉంటుంది. నిజానికి తప్పు బల్బులో ఉండటం తక్కువ. వోల్టేజీ దారిలో ఎక్కడ పోతోందో కొలవకుండా ఏ సామానూ కొనొద్దని ఆటో ఎలక్ట్రీషియన్‌గా నా మాట.

అపోహ: లైట్లు తగ్గాయంటే బ్యాటరీ అయిపోయినట్టే.

ఇంజిన్ స్టార్ట్ అయ్యాక బండికి కరెంటు ఇచ్చేది ఆల్టర్నేటర్, అంటే మనం డైనమో అనేది. ఫుల్‌గా చార్జ్ అయిన బ్యాటరీ ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు 12.6 వోల్టుల దగ్గర ఉంటుంది. ఇంజిన్ నడుస్తుంటే మామూలుగా 13.8 నుంచి 14.5 దాకా రావాలి. హెడ్‌లైట్లు, ఏసీ బ్లోయర్ ఆన్ చేసి, కొంచెం రేస్ చేసి, మల్టీమీటర్‌ను బ్యాటరీ టెర్మినల్స్ మీద పెట్టండి. అప్పుడు 12.5కి పడిపోతుంటే డైనమో చార్జింగ్ ఇవ్వడం లేదు. అరిగిన కార్బన్ బ్రష్‌లు, పాడైన రెగ్యులేటర్ (డైనమో వోల్టేజీని అదుపులో ఉంచేది), జారుతున్న బెల్ట్, వీటిని చూడాలి. అది వదిలేసి కొత్త బ్యాటరీ వేస్తే అదీ డౌన్ అవుతుంది. కొన్ని కొత్త కార్లలో కంప్యూటరే అవసరాన్ని బట్టి చార్జింగ్ తగ్గిస్తుంది కాబట్టి లోడ్ పెట్టకుండా తీర్పు చెప్పకూడదు.

ఫిలమెంట్ బల్బుకు ఈ తేడా చిన్నది కాదు. వోల్టేజీ 10 శాతం తగ్గితే వెలుతురు దాదాపు 30 శాతం పోతుంది.

అపోహ: ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి చూస్తే డైనమో సంగతి తెలిసిపోతుంది.

దయచేసి ఈ పని ఎవరూ చేయకండి, ఎవరినీ చేయనివ్వకండి. చార్జింగ్ జరుగుతుండగా బ్యాటరీని తీసేస్తే వోల్టేజీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. ఆ దెబ్బకు డైనమోలోని డయోడ్లు (దాని కరెంటును బ్యాటరీకి పనికొచ్చే డీసీగా మార్చేవి), ఈసీఎం (ఇంజిన్ కంప్యూటర్), మ్యూజిక్ సిస్టమ్ ఏదైనా పోవచ్చు. మీటర్‌తో నిమిషంలో తేలే విషయానికి ఇంత రిస్క్ ఎందుకు?

అపోహ: బ్యాటరీ దగ్గర 14 వోల్టులు చూపిస్తోంది, కాబట్టి కరెంటు సమస్య లేదు.

నన్ను ఎక్కువగా బాధపెట్టే అపోహ ఇదే, ఎందుకంటే సరిగ్గా ఇక్కడే అసలు దొంగ తప్పించుకుంటాడు. బ్యాటరీ దగ్గర ఉన్న 14 వోల్టులూ బల్బు దాకా చేరుతున్నాయా అన్నది ప్రశ్న. లైట్లు ఆన్‌లో పెట్టి, మీటర్ ఎర్ర ప్రోబ్‌ను బల్బు హోల్డర్ ఎర్త్ పిన్‌కు (కరెంటు బాడీ మీదుగా బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి వెళ్లే దారిని ఎర్త్ అంటాం), నల్ల ప్రోబ్‌ను బ్యాటరీ నెగటివ్‌కు పెట్టండి. 0.2 వోల్టులు మించి చూపిస్తే ఎర్త్ బాగాలేదు. ఇలాగే బ్యాటరీ పాజిటివ్ నుంచి హోల్డర్ పాజిటివ్ పిన్‌కు కూడా చూడండి. అక్కడ 0.5 దాటితే ఫ్యూజ్, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్), స్విచ్, కప్లర్లను (వైర్లను కలిపే ప్లగ్గులను) ఒక్కొక్కటిగా వెతకాలి. వేడికి గోధుమరంగుకు మారిన ప్లాస్టిక్ కప్లర్ కనిపిస్తే సగం పని అయిపోయినట్టే.

ఎర్త్ లోపానికి ఇంకో గుర్తు ఉంది. ఇండికేటర్ వేస్తే దాంతోపాటు టెయిల్ ల్యాంప్ కూడా కొట్టుకుంటుంది, లేదా బ్రేక్ తొక్కితే పక్క లైటు తగ్గుతుంది. బాడీకి ఎర్త్ వైరు బిగించిన బోల్టు విప్పి చూడండి. లగ్ (వైరు చివర బోల్టుకు తగిలించే రింగు) కింద తుప్పో, పెయింటో, ఆకుపచ్చటి పొడో ఉంటుంది. పైకి వైరు బాగానే కనిపించినా లగ్ దగ్గర లోపలి పోగులు తెగి ఉండవచ్చు. మెటల్ తళతళలాడేదాకా గీకి, గట్టిగా బిగించి, ఆ తర్వాత పైన పెట్రోలియం జెల్లీ రాయండి. ఇంజిన్ నుంచి బాడీకి వెళ్లే లావు ఎర్త్ పట్టీని కూడా మరవద్దు.

అపోహ: ఎక్కువ వాట్ల బల్బు వేస్తే సరిపోతుంది.

60/55 వాట్ల బల్బు ఉండాల్సిన చోట 100/90 పెడితే కరెంటు ఒకటిన్నర రెట్లకు పైగా అవుతుంది. సన్నటి వైర్లలో వోల్టేజీ ఇంకా పడిపోతుంది, స్విచ్, హోల్డర్ కరిగిపోతాయి, ఎదురుగా వచ్చేవాళ్లకు కళ్లు బైర్లు కమ్ముతాయి. హెడ్‌లైట్ కరెంటంతా స్విచ్‌లోంచే పోయే పాత బండ్లకు ఫ్యూజుతో కూడిన రిలే వైరింగ్ వేస్తే మామూలు బల్బే బాగా వెలుగుతుంది.

అపోహ: ఐడిలింగ్‌లో లైట్లు కొంచెం తగ్గితే డైనమో పోయినట్టే.

ఏసీ కంప్రెసరో, రేడియేటర్ ఫ్యానో అందుకున్నప్పుడు ఒక్క క్షణం తగ్గి మళ్లీ సర్దుకుంటే కంగారు పడక్కర్లేదు. రేస్ చేసినా వెలుగు తిరిగి రాకపోతే మాత్రం డైనమో, బెల్ట్ చూడాలి. రేస్ చేసినకొద్దీ మరీ ఎక్కువ వెలిగి, మీటర్‌లో 15 వోల్టులు దాటితే రెగ్యులేటర్ పోయిందని అనుమానించాలి. లైట్లు వణుకుతున్నట్టు కనిపిస్తే మీటర్‌ను ఏసీ (ఆల్టర్నేటింగ్ కరెంట్) వోల్టుల స్కేలులో పెట్టి బ్యాటరీ దగ్గర చూడండి. అర వోల్టుకు మించితే డయోడ్ పోయి ఉండొచ్చు.

బండి ఆగి ఉన్నప్పుడు అన్నీ బాగుండి, నడుస్తుంటేనే లైట్లు తగ్గుతాయా? ముందు ఇంజిన్, లైట్లు ఆన్‌లో పెట్టి బెల్ట్, ఫ్యాన్‌లకు చెయ్యి దూరంగా ఉంచి కప్లర్లను ఒక్కొక్కటిగా కదపండి. అప్పటికీ దొరక్కపోతే ఫ్యూజ్ పెట్టిన పొడుగాటి వైర్లతో మీటర్‌ను క్యాబిన్‌లోకి తెచ్చి, గతుకుల మీద నడుపుతూ చూడాలి. రీడింగ్ చూసే పని మాత్రం పక్క సీట్లో కూర్చున్నవాళ్లకు అప్పజెప్పండి.