గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు రాజ్యాంగం వర్తించదా?

“సిటిజన్ కానివాళ్లకు అమెరికా రాజ్యాంగంలో హక్కులేవీ ఉండవు.” ఇమ్మిగ్రేషన్ లాయర్‌గా వారానికి రెండుసార్లయినా ఈ మాట వింటాను. మనవాళ్లను ఎక్కువగా ముంచుతున్నదీ ఇదే.

పోయినేడు ఒక పెద్దాయన వచ్చారు. గుంటూరులో ఎనిమిది నెలలుండి తిరిగొస్తే, ఎయిర్‌పోర్టులో ఆఫీసరు ఐ-407 ఫారం ముందుపెట్టి సంతకం చేయమన్నాడట. గ్రీన్ కార్డు వదులుకుంటున్నానని ఒప్పుకునే కాగితం అది. మాత్రల కవర్లోంచి కాపీ తీసి చూపించారు. ఫారమంతా ఇంగ్లీషు, అడుగున వణికిన తెలుగు సంతకం. “మన దేశం కాదు కదమ్మా, కాదంటే ఊరుకుంటారా?” అన్నారు. రోజంతా ప్రయాణం చేసొచ్చి టెన్షన్‌లో ఉన్న మనిషిని ఏమనగలం?

ఆ సంతకం చేయనని చెప్పొచ్చు. అప్పుడు ఇమ్మిగ్రేషన్ జడ్జి ముందు విచారణ అడిగే హక్కుంటుంది. ఇక్కడి నివాసం వదిలేశారని నిరూపించాల్సింది ప్రభుత్వమే. కార్డు తీసేసుకున్నా, అంతమాత్రాన హోదా పోదు.

ఇదంతా ఊరికే రాలేదు. చెక్క భవనంలో లాండ్రీ నడపాలంటే అనుమతి కావాలని శాన్‌ఫ్రాన్సిస్కోలో 1880లో రూలు పెట్టారు. సుమారు 200 మంది చైనీయులు అడిగితే ఒక్కరికీ ఇవ్వలేదు. మిగతావాళ్లకు దాదాపు అందరికీ ఇచ్చారు. వాళ్లలో ఒకడైన యిక్ వో అదే చోట 22 ఏళ్లుగా లాండ్రీ నడుపుతున్నాడు. అనుమతి లేకుండా నడిపాడని వేసిన పది డాలర్ల జరిమానా కట్టలేదని జైల్లో వేశారు. 1886లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా అతన్ని వదిలిపెట్టమంది. ఎందుకంటే, రాజ్యాంగం 14వ సవరణలో సమాన రక్షణ ‘వ్యక్తి’కి అని ఉంది, ‘పౌరుడి’కి అని కాదు. 1982లో ప్లసెన్షియా కేసులో, చిన్న ప్రయాణం చేసి తిరిగొచ్చిన గ్రీన్ కార్డుదారుకు న్యాయమైన విచారణ దక్కాలని అదే కోర్టు చెప్పింది.

వీసా మీద కొత్తగా దిగేవాళ్ల సంగతి వేరు, అక్కడ ప్రభుత్వ అధికారం చాలా ఎక్కువ.

అమెరికా బయట ఆరు నెలలు దాటితే కార్డు దానంతటదే రద్దవుతుందా? అవదు, ప్రశ్నలు పెరుగుతాయి. ఏడాది దాటేలా ఉంటే ముందే రీఎంట్రీ పర్మిట్ (తిరిగి రావడానికి ముందస్తు అనుమతి పత్రం) తీసుకోండి. ప్రెసిడెంట్ సంతకం పెట్టిందల్లా చట్టమా? కాదు. 1952లో ప్రెసిడెంట్ ట్రూమన్ ఒక ఆర్డరుతో స్టీలు మిల్లులు స్వాధీనం చేసుకుంటే సుప్రీంకోర్టు 6-3తో కొట్టేసింది. అందుకే, ప్రెసిడెంట్ కొత్త ఆర్డరు ఇచ్చాడన్న వాట్సాప్ ఫార్వర్డ్ చూసి టికెట్లు క్యాన్సిల్ చేసుకోకండి.

అమ్మానాన్నలు ఇండియా బయల్దేరేముందు రెండు ఇంగ్లీషు వాక్యాలు నేర్పించండి: “ఐ వాంట్ టు సీ ఎ జడ్జ్.” “ఐ నీడ్ ఎ తెలుగు ఇంటర్‌ప్రెటర్.”