మాంబలం ఇంట్లో మోడెమ్

చెన్నై

చిరంజీవులు పిల్లలకు పెదనాన్న ఆశీస్సులు.

మొన్న పండక్కి వచ్చినప్పుడు అడిగారు కదా, "ఫేస్‌బుక్కూ వాట్సాపూ లేకపోతే ఇంటర్నెట్‌లో ఇంకేం ఉండేది పెదనాన్నా?" అని. అప్పుడు నవ్వి ఊరుకున్నాను. జవాబు కాస్త పొడుగు, అందుకే ఈ ఉత్తరం.

మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న వచ్చింది. అప్పటి ప్రభుత్వ సంస్థ వీఎస్‌ఎన్‌ఎల్ ఇచ్చింది. ముందుగా అందుకున్న నాలుగు ఊళ్లలో మనదీ ఒకటి, అప్పటికింకా మద్రాసే. మా మాంబలం ఇంటికి మాత్రం 1999లో గానీ రాలేదు. అంతవరకూ బ్రౌజింగ్ సెంటరే గతి. గంటకు 30 రూపాయలు. వెళ్లేముందు జేబులో చీటీ పెట్టుకునేవాణ్ణి, చూడాల్సిన సైట్ల అడ్రసులు రాసుకున్న చీటీ. ఎక్కడికి పోవాలో మనకే తెలియాలి మరి, తెర తనంతట తాను ఏదీ వడ్డించేది కాదు. చీటీ అయిపోతే లేచి ఇంటికి రావడమే. నాకు ఇప్పటికీ బెంగగా ఉండేది ఆ లేచి రావడం గురించే.

అలాగని బంగారు కాలమని అనుకోకండి. చాట్ రూముల్లో ఎవడెవడో ఆడపిల్ల పేరు పెట్టుకుని కబుర్లు చెప్పేవాడు. నేనూ ఒకసారి వారం రోజులు బుట్టలో పడ్డాను. వివరాలు మీ పెద్దమ్మను అడక్కండి.

తెలుగు సైటు చదవాలంటే దాని ఫాంటు దించుకోవాలి. ఒకరి ఫాంటు ఇంకొకరికి పనికిరాదు, తెరంతా పిచ్చి గీతలే. అందుకని ఉత్తరాలు ఇంగ్లిషు అక్షరాల్లో నడిచేవి. దానికి అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం పేరు మీద ఆర్‌టీఎస్ అనే పద్ధతి ఉండేది. చిన్న టీ కొడితే త, పెద్ద టీ కొడితే ట. మీ అమెరికా బాబాయి షిఫ్ట్ నొక్కడం ఎప్పుడూ మరిచిపోయేవాడు. "కొత్త పాట విన్నావా" అని అడగబోయి "కొత్త పాత విన్నావా" అని అడిగేవాడు.

ఇక మోడెమ్, అంటే కంప్యూటర్‌ని ఫోన్ లైనుకు కలిపే పెట్టె. టెలిఫోన్ తీగ మనిషి గొంతు కోసం వేసింది. కంప్యూటర్ సరుకు దాని మీద పోవాలంటే ముందు శబ్దంగా మారాలి. ఇటు మోడెమూ అటు మోడెమూ కీచుకీచుమని లైన్ ఎలా ఉందో చూసుకుని, ఎంత వేగంతో మాట్లాడుకోవాలో బేరం కుదుర్చుకునేవి. బాగా నడిస్తే సెకనుకు 56 వేల బిట్లు. ఒక్క ఎంబీకి రెండు నిమిషాల పైనే. అంతసేపూ ఫోన్ ఎంగేజే.

1999 నవంబరులో మీ బాబాయి నా హాట్‌మెయిల్‌కి ఫోటో పంపాడు, మీ పెద్దక్కది, పుట్టిన నాలుగో రోజుది. మెయిల్ పెట్టె మొత్తం 2 ఎంబీ. చోటు కోసం వాడి పాత ఉత్తరాలు చెరిపేశాను, ఇప్పుడు తలుచుకుంటే ప్రాణం ఉసూరుమంటుంది. ఫోటో పైనుంచి చారలు చారలుగా దిగేది. జుట్టు వచ్చింది, నుదురు వచ్చింది, బయట వాన, లైన్ తెగింది. మళ్లీ డయల్, మళ్లీ జుట్టు నుంచి. అర్ధరాత్రి దాకా అదే పని.

మర్నాడు మధ్యాహ్నం తలుపు తీస్తే ఎదురుగా మీ తాతయ్య. చేతిసంచీ, తడిసిన గొడుగు. రాత్రంతా నెల్లూరు నుంచి ఫోన్ చేస్తే ఎంగేజ్. ఏం ముంచుకొచ్చిందోనని టెన్షన్ పడి పొద్దున్నే పినాకిని రైలెక్కేశాడు. తిట్లు భోజనం అయ్యేదాకా సాగాయి. తర్వాత, "ఏదీ, ఆ పిల్లను చూపించు" అన్నాడు.

కుర్చీ దగ్గరగా లాక్కుని, కళ్లజోడు తుడుచుకుని కూర్చున్నాడు. జుట్టు. నుదురు. కళ్లు మూసుకునే ఉన్నాయి. ముక్కు దిగేసరికి, "మీ అమ్మ ముక్కేరా" అన్నాడు, గొంతు ఎలాగో పెట్టి.

గడ్డం వచ్చేలోపు లైన్ పోయింది.

ఇట్లు,
మీ పెదనాన్న