"ఫాల్స్ నైన్ పెట్టాను, గోల్స్ ఏవన్నా?" - కొన్ని అపోహలు, వాస్తవాలు

శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్‌కి నడిచి వెళ్లేంత దూరంలో నాకో చిన్న గేమింగ్ సెంటర్ ఉంది. ఎనిమిది సిస్టమ్‌లు, ఒక ఇన్వర్టర్, రెండు ఏసీలు. వాటిలో పనిచేసేది ఒకటే. ఆరు సిస్టమ్‌ల మీద ఎప్పుడూ తుపాకీ ఆటలే. మిగతా రెండింటి మీద ఫుట్‌బాల్ మేనేజర్ నడుస్తుంది, అంటే బంతి తన్నడం కాదు, మేనేజర్‌గా జట్టుని నడిపే ఆట. ఆ రెండు కుర్చీల్లో కూర్చునేవాళ్లు అరవరు, బల్ల గుద్దరు, బ్యాంకు గుమాస్తాల్లాగ గంటలకు గంటలు అంకెలు చూస్తుంటారు. వాళ్ల దగ్గర్నుంచి వారానికి రెండుసార్లయినా వచ్చే ప్రశ్న పైన హెడ్డింగ్‌లో పెట్టాను. ఫాల్స్ నైన్ అంటే గోల్ ముందు నిలబడకుండా మిడ్‌ఫీల్డ్ వైపు కిందికి దిగి ఆడే స్ట్రైకర్.

సంక్రాంతి ముందు ఒక ఇంజినీరింగ్ కుర్రాడు వచ్చాడు. మూడో సీజన్. బడ్జెట్ అంతా పోసి ఒక స్ట్రైకర్ని కొన్నాడు. పాసింగ్, విజన్, ఫస్ట్ టచ్ అన్నీ 20కి 16 పైనే. పదకొండు మ్యాచ్‌లకు రెండు గోల్స్. బోర్డు ఉద్యోగం పీకేస్తానంటోంది. దానికి తోడు నెట్‌లో ఎవరికో 500 రూపాయలు ఫోన్‌పే చేసి "గ్యారంటీ ఫాల్స్ నైన్ టాక్టిక్" ఫైలు కొన్నాడు. అలాంటి ఫైళ్లు స్టీమ్ వర్క్‌షాప్‌లో ఊరికే దొరుకుతాయి. తిడదామనుకున్నాను గానీ వాడి మొహం చూసి టీ చెప్పాను. మర్నాడు ఇంటర్నల్స్ ఉన్నాయట, రాత్రి నిద్రపోలేదట.

అపోహ: స్ట్రైకర్ రోల్ ఫాల్స్ నైన్‌కి మారిస్తే ఫాల్స్ నైన్ ఆట వచ్చేస్తుంది.

జనాన్ని ముంచుతున్నది ఇదే. సేవ్‌లు పాడవడం, మంచి ఆటగాళ్లని సగం ధరకి అమ్ముకోవడం, పరీక్షల ముందు జాగారాలు, అన్నిటికీ మొదలు ఇక్కడే.

వాస్తవం: ఫాల్స్ నైన్ ఒక మనిషి పని కాదు, కనీసం ముగ్గురి పని. వాడు కిందికి దిగి చోటు ఖాళీ చేస్తాడు. ఆ ఖాళీలోకి ఇంకొకడు పరిగెత్తాలి. ఎవడూ పరిగెత్తకపోతే మీరు చేసిందల్లా ఒక స్ట్రైకర్ని తీసేసి మిడ్‌ఫీల్డ్‌లో రద్దీ పెంచడం.

2009 మే 2న మాడ్రిడ్‌లో బార్సిలోనా 6-2తో గెలిచిన మ్యాచ్ అందరూ చెబుతారు. బార్సిలోనా కోచ్ గార్డియోలా మెస్సీని మధ్యలో పెట్టాడు, రియల్ మాడ్రిడ్ సెంటర్ బ్యాక్‌లు కనావారో, మెట్జెల్డర్ ఇద్దరికీ వాడి వెంట వెళ్లాలో ఉండిపోవాలో తెలియలేదు. ఇంతవరకే చెప్పి ఆపేస్తారు. ఎడమ పక్క నుంచి ఆన్రీ, కుడి పక్క నుంచి ఎటో ఆ ఇద్దరి వెనక్కి దూరుతూనే ఉన్నారు. ఆన్రీ కొట్టినవి రెండు గోల్స్. ఎటో అసలు స్ట్రైకరే, ఆ రోజు పక్కకి జరిపారు. ఆన్రీ, ఎటోలని పక్క గీత దగ్గర సపోర్ట్ డ్యూటీలో (ఆటలో, ముందుకు దూరకుండా పాసులు అందించే పని; దూరేది ఎటాక్ డ్యూటీ) నిలబెట్టి ఉంటే కనావారో తన చోట తాను హాయిగా నిలబడేవాడు.

మా పల్లెల్లో వాలీబాల్ ఆడినవాడికి ఇది ఒక్క మాటలో అర్థమవుతుంది. నెట్ దగ్గర ఒకడు డమ్మీగా ఎగురుతాడు, బ్లాకర్ వాడితోపాటు ఎగురుతాడు, బంతి ఇంకొకడు కొడతాడు. ఆ ఇంకొకడు లేకపోతే డమ్మీ ఎగిరిన ఎగురు చూసి జనం నవ్వుతారు. నేను ఎగిరాను, నవ్వారు, కాబట్టి తెలుసు.

ఆటలో ఇది నాకు తలకెక్కింది మాత్రం తిత్లీ తుఫానప్పుడు. 2018 అక్టోబరు, సోంపేట దగ్గర అమ్మమ్మ గారి ఊళ్లో ఉన్నాను. కొబ్బరి చెట్లు వరసకి వరస పడిపోయాయి, కరెంటు చాలా రోజులు లేదు. పగలంతా చెట్లు నరికి దారి చెయ్యడం. రాత్రి చెయ్యడానికేమీ లేక దీపం ముందు నా టాక్టిక్‌ని పాత నోట్‌బుక్‌లో గీశాను. పదకొండు చుక్కలు, బంతి మన దగ్గరున్నప్పుడు ఎవడు ఎటు కదులుతాడో బాణాలు. స్ట్రైకర్ బాణం కిందికి. వాడి వెనక ప్లేమేకర్, అంటే పాసులు పంచేవాడు, కదలడు. వింగర్లిద్దరూ సపోర్ట్, గీతకి అంటుకుని. పైకి వెళ్లే బాణాలు ఫుల్‌బ్యాక్‌లవి రెండే, అవీ గీత వెంబడే. పెనాల్టీ బాక్స్‌లోకి ఒక్క బాణం లేదు! ఏడాదిగా ఆ టాక్టిక్‌తో 65 శాతం సేపు బంతి నా దగ్గరే పెట్టుకుని 0-0లు ఎందుకు ఆడుతున్నానో ఆ కాగితం చెప్పింది.

ఆ కుర్రాడి చేత కూడా అదే గీయించాను. ఫార్మేషన్ 4-2-3-1. ఫాల్స్ నైన్ వెనకే అడ్వాన్స్‌డ్ ప్లేమేకర్. అంటే ఒకే కుర్చీ మీద ఇద్దరు. ఫైలు కొన్నప్పుడు అది కనబడలేదు, గీసేసరికి కనబడింది. వాడి జట్టులో మార్చినవి మూడే. ప్లేమేకర్ని తీసేసి మిడ్‌ఫీల్డ్‌ని ముగ్గురు చేశాం, వాళ్లలో కుడి పక్కవాడు ఎటాక్ డ్యూటీలో మెజాలా, అంటే మిడ్‌ఫీల్డ్ నుంచి ముందుకు దూరేవాడు. ఎడమ పక్క ఇన్వర్టెడ్ వింగర్ బదులు బాక్స్‌లోకి దూరే ఇన్‌సైడ్ ఫార్వర్డ్, ఎటాక్. టెంపో, అంటే బంతి పంపే వేగం, కొంచెం తగ్గించాం, ఎందుకంటే స్ట్రైకర్ దిగేలోపే బంతి పైకి వెళ్లిపోతే వాడు దిగీ లాభం లేదు. ప్లేమేకర్ని వదులుకోలేకపోతే వాణ్ని షాడో స్ట్రైకర్ చేసి స్ట్రైకర్ని దాటి పైకి పంపొచ్చు, అదీ పనిచేస్తుంది.

మార్చాక మొదటి మ్యాచ్ 1-0తో ఓడిపోయాడు. "ఏటన్నా ఇది" అన్నాడు. రిజల్ట్ కాదురా, షాట్లు ఎక్కణ్నుంచి వచ్చాయో చూడమన్నాను. అంతకుముందు అన్నీ బాక్స్ బయట నుంచే, ఇప్పుడు ఆరు లోపల్నుంచి. సీజన్ చివరికి ఎడమ పక్కవాడికి 19 గోల్స్, ఆ ఖరీదైన స్ట్రైకర్‌కి తొమ్మిది. ఉద్యోగం నిలబడింది. 500 మాత్రం రాలేదు.

అపోహ: ఫాల్స్ నైన్ గోల్స్ కొట్టడు. లేదా, కొట్టకపోతే వాడు పనికిరాడు.

రెండూ తప్పే. 2011-12లో మెస్సీ లీగ్‌లో 50 కొట్టాడు. టొట్టి 2006-07లో 26 కొట్టి ఇటలీలో టాప్ స్కోరర్. 2018-19 లివర్‌పూల్ చూడండి: లీగ్‌లో సలా 22, మానే 22, మధ్యలో ఫిర్మినో 12. ఆ 12 చూసి ఫిర్మినోని అమ్మేస్తారా? ఆటలో మనవాళ్లు అమ్మేస్తారు. గోల్ కొట్టని ఫార్వర్డ్‌కి మ్యాచ్ రేటింగ్ 6.6, 6.7 దగ్గర తిరుగుతుంది, అది చూసి కంగారు పడతారు. వాడి కీ పాసులు (షాట్‌కి దారితీసేవి) చూడండి, పక్కవాళ్ల గోల్స్ చూడండి.

అపోహ: కిందికి దిగాలంటే అటాకింగ్ మిడ్‌ఫీల్డ్ గడిలో పెట్టాలి.

ఫుట్‌బాల్ మేనేజర్ 2024 వెర్షన్‌లో మీరు గీసే ఫార్మేషన్ ముఖ్యంగా బంతి మన దగ్గర లేనప్పటి ఆకారం. ఆ గడిలో పెడితే డిఫెన్స్ చేసేటప్పుడు కూడా కిందే ఉంటాడు, అవతలి సెంటర్ బ్యాక్‌లు పాట పాడుకుంటూ బంతి తెస్తారు. స్ట్రైకర్ గడిలోనే ఉంచండి, దిగే పని రోల్ చూసుకుంటుంది. ఇంకా దిగాలనిపిస్తే, బంతి కోసం కిందికి వచ్చే ట్రెయిట్‌ని (అలవాటుని) ఇండివిడ్యువల్ ట్రైనింగ్‌లో నేర్పించుకోవచ్చు.

అపోహ: జనవరి దాటితే గేమ్ మన టాక్టిక్‌ని పసిగట్టి మోసం చేస్తుంది.

ఈ పుకారు ఎవడు పుట్టించాడో గానీ ఊరూరా తిరుగుతోంది. జరిగేది ఇదీ: మీరు గెలుస్తున్నకొద్దీ మీ పేరు పెరుగుతుంది, ఎదుటి జట్లు వెనక్కి జరిగి పదిమందితో బాక్స్ కాపలా కాస్తాయి. సెంటర్ బ్యాక్ మీ స్ట్రైకర్ వెంట రానే రాడు, వెనక ఖాళీ ఉండనే ఉండదు. అలాంటి మ్యాచ్‌లకి నేను మామూలు స్ట్రైకర్నే దింపుతాను. రెండో టాక్టిక్ సేవ్ చేసి పెట్టుకోవడానికి డబ్బులేమీ అడగరు కదా.

ఆటగాడి పక్కన కనబడే స్టార్లే వాడి అసలు విలువ అనే అపోహ గురించి ఒక్క వాక్యంలో: అవి మీ స్టాఫ్ అభిప్రాయం, అదీ మీ జట్టుతో పోల్చి వేసినవి, కాబట్టి చిన్న క్లబ్‌లో నాలుగు స్టార్ల వాడు పెద్ద క్లబ్‌లో బెంచీ మీద కూర్చుంటాడు. ఫాల్స్ నైన్ మెస్సీతో పుట్టిందన్నదీ అపోహే. 1953లో హంగరీ వెంబ్లీకి వెళ్లి ఇంగ్లండ్‌ని 6-3తో కొట్టినప్పుడు వాళ్ల ఫార్వర్డ్ హిదెగ్‌కుటి ఇలా దిగి ఆడే హ్యాట్రిక్ కొట్టాడు.

ఇంకొకటి, ఇది ఈమధ్య ఎక్కువగా అడుగుతున్నారు. ఈ ఆట 2025 వెర్షన్ రద్దయి, 2025 నవంబరులో నేరుగా 26 వెర్షన్ వచ్చింది. అందులో సపోర్ట్, ఎటాక్ డ్యూటీలు తీసేశారు, బంతి ఉన్నప్పుడొక రోల్, లేనప్పుడొక రోల్ వేరువేరుగా ఇవ్వాలి. పాత టాక్టిక్‌ని అలాగే దించుకుని "పాడైపోయిందన్నా" అని రాకండి. నోట్‌బుక్‌లో ఒక పేజీ బదులు రెండు పేజీలు గీసి తీసుకురండి. మొదటి పేజీలో బాక్స్‌లోకి వెళ్లే బాణాలు లెక్కపెట్టుకుని మరీ రండి.