కొత్త ఆఫ్‌రోడ్ సైక్లింగ్ షూస్: తొలిరోజే తేల్చుకోవాల్సినవి, ఆగి చూడాల్సినవి

సైకిల్ ఫిట్టింగ్ పనిలో ఈ మాటలు తరచూ వింటుంటాను. కొన్నిటివల్ల మంచి షూస్ మూలన పడుతున్నాయి, సరిపడనివి కాళ్లకు మిగిలిపోతున్నాయి.

అపోహ: ఇప్పుడు బిగుతుగా ఉన్నా వాడగా వాడగా సాగుతాయి.

తోలు చెప్పుల నాటి నమ్మకమిది. ఇప్పుడొచ్చే ఆఫ్‌రోడ్ షూస్‌లో చాలావరకు సింథటిక్‌వే. పైభాగం కాస్త మెత్తబడుతుంది గానీ వెడల్పు పెద్దగా పెరగదు. చిటికెన వేలి పక్క ఎముక నొక్కుకుంటుంటే వెంటనే మార్చేసుకోండి. తొక్కేకొద్దీ పాదాలు ఉబ్బుతాయి కాబట్టి సాయంత్రం పూట, రైడ్‌కి వేసుకునే సాక్సులతోనే వేసి చూడాలి. నడిచేటప్పుడు మడమ కొద్దిగా లేస్తే కంగారు పడకండి, గట్టి సోల్ వంగదు కదా. పెడల్‌ని పైకి లాగుతున్నప్పుడూ లేస్తుంటే మాత్రం సైజు తప్పినట్టే.

అపోహ: సోల్ ఎంత గట్టిగా ఉంటే అంత మంచిది.

రేసుకైతే సరే. దిగి రాళ్ల మీద సైకిల్ తోసుకెళ్లే దారుల్లో కొంచెం వంగే సోల్, మెత్తటి రబ్బరే కాలికి పట్టునిస్తాయి.

అపోహ: క్లీట్లు (షూ అడుగున ఉండి పెడల్‌లో ఇరుక్కునే లోహపు ముక్కలు) బిగిస్తే కాలు ఇరుక్కుని పడిపోతాం.

ఈ భయంతోనే చాలామంది తొలిరోజే వదిలేస్తారు. నాకు బాధ కలిగించేది ఇదే. సైకిల్ భాగాలు చేసే షిమానో కంపెనీ 1990లో తెచ్చిన ఎస్‌పీడీ అనే క్లీట్-పెడల్ పద్ధతిలో మడమను బయటికి తిప్పితే కాలు ఊడొస్తుంది. ఎంత బలంగా తిప్పాలో పెడల్ మీది స్క్రూతో తగ్గించుకోవచ్చు. మొదట ఆ స్క్రూని బాగా వదులు చేసి, గోడ పట్టుకుని, కాలికి అలవాటయ్యేదాకా పెట్టి తీస్తూ ఉండండి.

నిజంగా పడేసేది వదులైన క్లీట్. కాలు తిప్పితే షూ తిరుగుతుంది, క్లీట్ మాత్రం పెడల్‌లోనే ఉండిపోతుంది. బోల్టులకు గ్రీజు రాసి 5–6 న్యూటన్ మీటర్ల బిగువుతో బిగించాలి, మొదటి రైడ్ అయ్యాక మళ్లీ సరిచూడాలి.

అపోహ: వేళ్లు తిమ్మిరెక్కితే తప్పు షూస్‌దే.

చాలాసార్లు క్లీట్ మరీ ముందుకు ఉండటమే కారణం. షూస్ వేసుకుని బొటనవేలి మొదలు, చిటికెన వేలి మొదలు తడిమి టేపుతో గుర్తు పెట్టండి. పెడల్ ఇరుసు ఆ రెండు గుర్తుల మధ్యకు రావాలి. దిగుడు దారుల్లో ఇంకొంచెం వెనక్కి జరిపితే నిలకడగా ఉంటుంది. జరిపినా తిమ్మిరి తగ్గకపోతే అప్పుడు షూస్ మార్చే మాట ఆలోచించండి.