రాబర్ట్ బ్రూస్ అసలు కథ

పిల్లలూ,

స్కాట్లాండ్ రాజు రాబర్ట్ బ్రూస్ అనగానే మీకు గుహ, సాలెపురుగు గుర్తొస్తాయి కదా, ఓడి గుహలో దాక్కుని, ఎన్నిసార్లు పడ్డా మళ్లీ గూడు అల్లే సాలెపురుగును చూసి ధైర్యం తెచ్చుకున్నాడని. మాకూ స్కూల్లో అదే చెప్పారు. మంచి కథే గానీ ఆయన పోయిన వందల ఏళ్లకు పుట్టింది. అసలు జరిగింది ఇంకా బాగుంటుంది, కాస్త చేదుగా కూడా ఉంటుంది.

1290 నాటికి స్కాట్లాండ్ సింహాసనానికి నేరుగా వారసులు లేకుండా పోయారు. 13 మంది నాదంటే నాదని దిగితే, తీర్పు చెప్పమని ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డును పిలిచారు, అంటే పిల్లుల రొట్టె తగవుకు కోతిని పిలిచినట్టన్నమాట. ఆయన ఒకర్ని రాజును చేసి, 1296లో సైన్యంతో వచ్చి దింపేసి, దేశం మొత్తం తనదే అన్నాడు.

బ్రూస్ మొదట్నుంచీ హీరో ఏం కాదు. ఎడ్వర్డుకు విధేయుణ్ణని ఒట్లు వేశాడు, తప్పాడు, మళ్లీ వేశాడు. 1306లో డంఫ్రీస్ చర్చిలో సింహాసనానికి తన పోటీదారు జాన్ కామిన్‌ను పొడిచి, ఆరు వారాలకు కిరీటం పెట్టుకున్నాడు. ఆ ఏడాదే ఇంగ్లిష్ సైన్యం చేతిలో ఓడి పారిపోయాడు. ముగ్గురు తమ్ముళ్లను చంపేశారు, భార్యాకూతురూ బందీలయ్యారు, ఆయన తలపై కిరీటం పెట్టిన ఇసబెల్లాను పంజరంలో బంధించారు.

అప్పుడు పద్ధతి మార్చాడు చూడండి, నాకు నచ్చేది ఇదే. ఎదురెదురు యుద్ధాలు మానేసి దొంగదెబ్బలు తీశాడు, గెలిచిన కోటల్ని శత్రువుకు మళ్లీ పనికిరాకుండా కూల్చేయించాడు. సొంత దేశపు కోటలు! అంత గుండె ఎవరికుంటుంది?

1314లో బానక్‌బర్న్ దగ్గర మాత్రం నిలబడి పోరాడాడు. మొదటిరోజు చిన్న గుర్రమెక్కి బలగాన్ని చూసుకుంటుంటే ఒక ఇంగ్లిష్ వీరుడు ఈటెతో దూసుకొచ్చాడు. బ్రూస్ చివరి క్షణంలో పక్కకు తప్పుకుని, రికాబుల మీద లేచి నిలబడి గొడ్డలితో ఒక్క వేటు వేశాడు, అంతే. రాజువై ఉండి ఇదేం పని అని తనవాళ్లు కోప్పడితే, మంచి గొడ్డలి విరిగిపోయిందే అన్నాడట. మర్నాడు ఆయన కాల్బలం పొడవాటి ఈటెలతో, తమకన్నా చాలా పెద్ద సైన్యాన్ని బురదలోకీ వాగులోకీ నెట్టేసింది.

అయినా స్కాట్లాండ్ స్వతంత్ర దేశమని ఇంగ్లండ్ ఒప్పుకోలేదు. 1320లో స్కాట్లాండ్ ప్రభువులు పోప్‌కు ఉత్తరం రాస్తూ, మాలో నూరుమంది మిగిలినా లొంగం అన్నారు. అందులోనే, రేపు బ్రూసే లొంగిపోతే ఆయన్నీ తీసేసి ఇంకొకర్ని రాజును చేసుకుంటాం అనీ రాశారు. రాజు బతికుండగా, ఆయన తరఫున రాసిన ఉత్తరంలో! 1328లో గానీ ఒప్పందం కుదరలేదు. అప్పటికే ఆయన మంచాన పడ్డాడు, మరుసటేడు పోయాడు.

మీ తాతయ్య