55 డెసిబెల్స్ దగ్గర నా వ్యాపారం

కాశీబుగ్గలో జీడిపప్పు వ్యాపారులకి జీఎస్టీ లెక్కలు చూసే పని నాది. నేను, ఒక కంప్యూటరు, అంతే, ఇంకెవరూ లేరు. నలుగురిలో ఉంటే తొందరగా అలసిపోయే అంతర్ముఖుణ్ణి నేను. మొదలుపెట్టిన కొత్తలో మా మావయ్య, "ఏటిరా, ఇలా ఇంట్లో కూకుంటే నీకు పార్టీలు ఎవులిత్తారు? నలుగుర్లో పడాల" అన్నాడు. పార్టీలంటే లెక్కలు మనకిచ్చే వ్యాపారులు. ప్రేమతోనే అన్నాడు. నేనూ విని మెయిన్ రోడ్డు మీద ఒక షట్టర్ అద్దెకి తీసుకున్నాను. ఎదురుగా ఆటోలు, పక్కన మైకు పెట్టి అమ్మే ఫోన్ల షాపు, పది నిమిషాలకోసారి ఎవరో ఒకరు లోపలికి రావడం. పార్టీలైతే వచ్చారు గానీ, సాయంత్రానికి తల దిమ్మెక్కిపోయేది, ఇంట్లో పాప పిలిచినా ఉలిక్కిపడేవాణ్ణి. ఒక నెల ఒకాయన అమ్మకాల్లో అంకె తారుమారు వేశాను, ఆయనకి నోటీసు వచ్చింది. ఆ రాత్రంతా నిద్ర లేదు, ఈ పని నా స్వభావానికి సరిపడదేమో అనుకున్నాను. పని సరిపోయింది, ఆ షట్టరే సరిపోలేదు. ఆ తేడా నాకు ఒక పాత ప్రయోగం గురించి చదివాక అర్థమయింది.

1984లో రసెల్ గీన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త నాలాంటి అంతర్ముఖులకీ, నలుగురిలో హుషారుగా ఉండే బహిర్ముఖులకీ ఒక మాటల ఆట ఇచ్చాడు. దాని వెనకున్న సూత్రాన్ని తప్పులు చేస్తూ చేస్తూ పట్టుకోవాలి. చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టి మధ్యమధ్యలో చప్పుడు వినిపిస్తారు, ఆ చప్పుడు ఎంత ఉండాలో ఎవరికి వాళ్లే ఎంచుకోవచ్చు. బహిర్ముఖులు సగటున 72 డెసిబెల్స్ పెట్టుకున్నారు, అంతర్ముఖులు 55 దగ్గర ఆగారు. 17 తేడాయే కదా అనిపిస్తుంది, కానీ డెసిబెల్ లెక్కలో ప్రతి పదికీ శబ్ద శక్తి పది రెట్లు పెరుగుతుంది కాబట్టి అది దాదాపు 50 రెట్ల తేడా! ఎవరి చప్పుడులో వాళ్లున్నంతసేపూ ఇద్దరూ ఇంచుమించు ఒకేలా ఆడారు. ఒకరి చప్పుడు ఇంకొకరికి పెట్టగానే, అప్పటిదాకా 5.8 ప్రయత్నాల్లో నేర్చుకుంటున్న అంతర్ముఖులకి 9.1 ప్రయత్నాలు పట్టింది. బహిర్ముఖులు కూడా తక్కువ చప్పుడులో వెనకబడ్డారు, 5.4 నుంచి 7.3కి. ఈ రెండో సగం నాకు చాలా ముఖ్యం, ఎందుకంటే అంతర్ముఖులమైన మనలో ఏదో లోపం ఉందని ఇన్నాళ్లూ విన్నాం, కానీ తనది కాని చప్పుడులో పెడితే తడబడనివాళ్లు ఎవరూ లేరు.

ఎందుకిలా? హన్స్ ఐసెంక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1967లో ఒక వివరణ ఇచ్చాడు. మెదడు కాండంలో ఉన్న ఒక నరాల వల మనల్ని ఎంత మెలకువగా ఉంచాలో చూసుకుంటుంది, అంతర్ముఖుల్లో ఆ మెలకువ త్వరగా నిండిపోతుంది అన్నాడు. నాలుక మీద నిమ్మరసం చుక్కలు వేస్తే అంతర్ముఖులకి లాలాజలం ఎక్కువ ఊరిందని అప్పటి ప్రయోగాలు చూపించాయి. తర్వాత విషయం అంత సులువు కాదని తేలింది. ఊరికే కూర్చున్నప్పుడు ఇద్దరి మెదళ్లకీ పెద్ద తేడా స్పష్టంగా కనపడలేదు, బయటి నుంచి ఏదైనా వచ్చి తగిలినప్పుడే తేడా బయటపడుతుంది.

సున్నితత్వం అంతర్ముఖత్వం కంటే కాస్త వేరే సంగతి. మనస్తత్వ శాస్త్రవేత్తలైన ఎలైన్ ఆరన్, ఆర్థర్ ఆరన్ దంపతులు 1997లో 27 ప్రశ్నలతో దీనికొక కొలత తయారుచేశారు. సున్నిత మనస్కుల్లో దాదాపు 30 శాతం మంది నలుగురిలో కలిసిపోయేవాళ్లేనని ఎలైన్ ఆరన్ అంచనా. చిన్న తేడాలు కూడా కంటపడటం, పడినదాన్ని లోతుగా ఆలోచించడం, దానివల్ల త్వరగా అలసిపోవడం, ఇవన్నీ కలిసే వస్తాయి. నా పనిలో ఇది రోజూ చూస్తాను. పెంకు తీయని జీడిపిక్కలు రైతు దగ్గర కొంటే, రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారే రివర్స్ ఛార్జ్ కింద, అంటే అమ్మినవాళ్లకి బదులు కొన్నవాళ్లే, పన్ను కట్టాలి. ఒక పార్టీ పుస్తకంలో ఉద్దానం రైతుల దగ్గర కొన్న పిక్కలు మామూలు కొనుగోళ్లలో కలిసిపోయి ఉంటే, ఏదో తేడాగా ఉందే అని వెనక్కి వెళ్లి పట్టుకున్నాను. లేటయితే ఏడాదికి 18 శాతం వడ్డీ. నన్ను అలసిపోయేలా చేసేదీ, ఆయనకి ఆ వడ్డీ తప్పించిందీ ఒకటే గుణం.

మరి అమ్మకం సంగతేంటి, మాటకారులకే కదా వ్యాపారం అంటారు. ఆడమ్ గ్రాంట్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త, 2013లో వచ్చిన అధ్యయనంలో, ఫోన్ చేసి సరుకు అమ్మే 340 మంది ఉద్యోగుల్ని మూడు నెలలు గమనించాడు. బాగా మాటకారులు, బాగా మౌనంగా ఉండేవాళ్ల కంటే పెద్దగా ఎక్కువేం అమ్మలేదు, మధ్యరకం వాళ్లే అందరికంటే ఎక్కువ అమ్మారు. అంటే మనం కూడా ఎంతో కొంత మాట్లాడాలి, అది తప్పదు. కానీ పొద్దస్తమానం అక్కర్లేదు.

ఇంకో మాట, నలుగుర్లో పడటం గురించి. మార్క్ గ్రానోవెటర్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త, 1973లో వచ్చిన అధ్యయనంలో, తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లని, ఆ మనిషిని మీరు ఎంత తరచుగా కలిసేవారు అని అడిగాడు. తరచుగా అన్నవాళ్లు 16.7 శాతమే. అప్పుడప్పుడు అన్నవాళ్లు 55.6 శాతం, అరుదుగా అన్నవాళ్లు 27.8. అది ఉద్యోగాల లెక్క, వ్యాపారాల లెక్క కాదు, అయినా నా పార్టీలు కూడా ఇలాగే వచ్చారు: ఒక లారీ ట్రాన్స్‌పోర్ట్ గుమాస్తా, ఏడాదికి రెండుసార్లు కనపడే ఒక గోనెసంచుల వ్యాపారి. వాళ్లతో రోజూ టీ తాగక్కర్లేదు. ఫలానా తేదీ మారింది చూసుకోండి అని ఒక్క మెసేజ్ పెడితే చాలు, మనం గుర్తుంటాం.

ఆ షట్టర్ ఖాళీ చేసి మూడేళ్లయింది. ఇప్పుడు ఇంట్లో వెనక గదే ఆఫీసు. ఫోన్లు పదకొండు నుంచి ఒంటిగంట దాకా, మిగతాదంతా వాట్సాప్. నెలనెలా వేసే అమ్మకాల రిటర్న్‌కి 11వ తేదీ, పన్ను కట్టే రిటర్న్‌కి 20వ తేదీ గడువు కాబట్టి, వాటికి ముందు రెండేసి రోజులు ఫోన్ ఎత్తనని అందరికీ ముందే చెప్పేశాను. ఇద్దరు వెళ్లిపోయారు, బాధేసింది. మిగిలినవాళ్లకి అలవాటయింది. అధికారుల ముందు హాజరు కావాల్సిన రోజులు మాత్రం ఇప్పటికీ టెన్షనే. చెప్పాల్సినవి ముందురోజే కాగితం మీద రాసుకుని వెళ్తాను, ఆ మధ్యాహ్నం ఇంకే పనీ పెట్టుకోను.