ఎబెనెజరు: అపోహలు - వాస్తవాలు

పోయిన నెలలో ఒకావిడ మా ఇంటికి వచ్చి ఫోనులో ఒక ఫొటో చూపించారు. గేటు పక్క గోడకు బిగించిన నల్ల గ్రానైటు పలక, దాని మీద బంగారు రంగు అక్షరాల్లో ‘ఎబెనెజరు నిలయం’. ఎబెనెజరు అంటే హీబ్రూలో ‘సహాయపు రాయి’, బైబిల్లోని ఒక చోటి పేరు. గృహప్రవేశమైన ఏడాదిలోపే ఆవిడ భర్తకు పక్షవాతం వచ్చింది. హీబ్రూ అక్షరాల లెక్క ప్రకారం ఆ పేరు మీకు కలిసిరాలేదని, కానుక పంపితే ప్రార్థించి వేరే పేరు చెబుతానని ఎవరో అన్నారట. ‘అయ్యగారూ, పలక తీసేయమంటారా?’ అని అడుగుతూనే కళ్లనీళ్లు పెట్టుకున్నారు.

ఇరవై ఏళ్లుగా వేదాంత కళాశాలలో హీబ్రూ చెబుతున్నాను. ఇంటి పేరో, దుకాణం పేరో, బిడ్డ పేరో పట్టుకుని ఇదే భయంతో వచ్చేవారు ఏటా ఉంటారు. భయపడేవారి మీద నాకు కోపం లేదు. ఆ భయానికి ధర కట్టేవారిని మాత్రం క్షమించలేకపోతున్నాను.

అపోహ: ఎబెనెజరు అని పేరు పెట్టుకున్న చోటికి కీడు రాదు. వచ్చిందంటే పేరులోనే దోషం ఉంది.

వాస్తవం: బైబిల్లో ఈ పేరు మొదట కనిపించేదే ఘోరమైన ఓటమి దగ్గర. మొదటి సమూయేలు గ్రంథం నాలుగో అధ్యాయం తెరిచి చూడండి. యుద్ధానికి ఇశ్రాయేలీయులు ఎబెనెజరులో దిగారు, వారి శత్రువులైన ఫిలిష్తీయులు ఆఫెకులో దిగారు. మొదటి పోరులోనే ఇశ్రాయేలీయుల్లో సుమారు నాలుగు వేల మంది చనిపోయారు. అప్పుడు పెద్దలకు ఒక ఆలోచన తట్టింది: షిలోహు నుంచి నిబంధన మందసాన్ని, అంటే దేవుని సన్నిధికి గుర్తైన పవిత్రమైన పెట్టెను, తెప్పిస్తే అదే మనల్ని కాపాడుతుంది అని. మందసం రాగానే నేల దద్దరిల్లేలా కేకలు వేశారు. ఆ తర్వాత ముప్పై వేల మంది కూలిపోయారు, మందసం శత్రువుల చేతికి పోయింది, యాజకుడైన ఏలీ కొడుకులిద్దరూ చనిపోయారు. ఆ వార్త విని తొంభై ఎనిమిదేళ్ల ఏలీ పీఠం మీద నుంచి వెనక్కి పడి మెడ విరిగి మరణించాడు. సాక్షాత్తు మందసమే తాయెత్తులా పనిచేయనప్పుడు గోడ మీది గ్రానైటు పలక ఎలా పనిచేస్తుంది?

ప్రవక్త సమూయేలు ఒక రాయి నిలిపి దానికి ఎబెనెజరు అని పేరు పెట్టింది ఏడో అధ్యాయంలో. శత్రువుల దగ్గరి నుంచి తిరిగి వచ్చిన మందసం కిర్యత్యారీములో ఇరవై ఏళ్లు ఉన్న తర్వాత, జనం బయలు దేవతలను, అష్తారోతు దేవతలను తీసివేసి మిస్పాలో ఉపవాసం ఉన్న తర్వాత, ఉరుములకు ఫిలిష్తీయులు చెదిరిపోయిన తర్వాత. సహాయం ముందు వచ్చింది, పేరు వెనుక వచ్చింది. అందుకే అక్కడ ‘ఇంత వరకు యెహోవా మనకు సహాయం చేశాడు’ అన్నాడు. ‘ఇంత వరకు’ అంటే హీబ్రూలో ‘అద్ హేన్నా’. చోటుకైనా కాలానికైనా ఇక్కడిదాకా అని అర్థం. ఇకముందు ఏ కీడూ జరగదని ఆ మాటలో ఎక్కడా లేదు. నాలుగో అధ్యాయంలోని ఎబెనెజరు, ఏడో అధ్యాయంలోని ఎబెనెజరు ఒకే చోటా కాదా అన్న దానిపై పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. ఓడిన చోటి పేరునే సమూయేలు కావాలని గెలిచిన చోటికి పెట్టాడన్న మాట నాకు సబబుగా తోస్తుంది.

అపోహ: అక్షరాల విలువలు కూడితే పేరు బలం తెలుస్తుంది.

వాస్తవం: హీబ్రూ అక్షరాలను అంకెలుగా వాడే పద్ధతి ఉన్న మాట నిజమే. ఈ పేరుకు అలాంటి లెక్క బైబిల్లో ఎక్కడా లేదు. పైగా తెలుగు అక్షరాలను కూడి హీబ్రూ లెక్క అనడం పచ్చి మోసం.

అపోహ: ‘బెన్’ అంటే కొడుకు కాబట్టి ఇది ‘సహాయ పుత్రుడు’.

వాస్తవం: కాదు. ‘ఎబెన్’ అంటే రాయి. ‘బెన్’ వేరే మాట.

అపోహ: ఎబెనెజరు, ఎబినేజరు, ఎబెనేజర్... వీటిలో ఒక్కటే సరైనది, మిగతావి అరిష్టం.

వాస్తవం: ఇవన్నీ భాషలు మారుతూ వచ్చిన ఉచ్చారణలు. ఈనాటి హీబ్రూలోనైతే ‘ఎవెన్ హాఏజెర్’ అంటారు. ఎలా రాసుకున్నా ఫరవాలేదు.

ఈ పేరులోని రెండో భాగం, సహాయం అనే అర్థమున్న ‘ఏజెర్’ గురించి ఒక్క మాట. ఆదికాండం రెండో అధ్యాయంలో ‘సాటియైన సహాయము’ అని హవ్వ గురించి చెప్పిన చోట ఉన్నదీ ఈ మాటే. దేవుణ్ణి సహాయకుడని పిలిచే కీర్తనల్లోనూ ఇదే ఉంటుంది. ఎలీయెజెరు అనే పేరులోనూ ఇదే. సహాయం అనగానే చిన్న పనికి చేయి అందించడం అనుకోకండి. ఈ మాట వచ్చే చోట్ల చాలావరకు ప్రాణం మీదికి వచ్చిన మనిషే ఉంటాడు.

ఆవిడతో ఇదంతా చెప్పలేదు. పలక తీయవద్దని, కానుక పంపవద్దని, ఆయనకు ఫిజియోథెరపీ మానవద్దని మాత్రం చెప్పాను. తర్వాత ఒక కాగితం మీద కుడి నుంచి ఎడమకు ఏడు అక్షరాలు రాసి ఇచ్చాను. ఆలెఫ్, బేత్, నూన్: రాయి. హే: ‘ఆ సహాయం’ అన్నప్పటి ‘ఆ’ను సూచించే అక్షరం. అయిన్, జయిన్, రేష్: సహాయం. ఆవిడ వేలు పెట్టి మొదటి మూడింటిని తడిమి, ‘రాయి ఇదేనా అయ్యగారూ?’ అని అడిగారు. అవునమ్మా అన్నాను. కాగితం మడిచి బైబిల్లో పెట్టుకుని, ఆయనకు మందులు వేసే వేళయిందని లేచారు.